నూట పది గంటలు: యుద్ధకాలపు యాకూతియాలో ప్రజల సైనిక శిక్షణ

నేను డిగ్రీలో చేరిన 1965లో ఎన్.సి.సి. నిర్బంధంగా ఉండేది. చైనాతో యుద్ధం జరిగిన మరుసటి యేడు, అంటే 1963లో, కాలేజీ కుర్రవాళ్ళందరికీ దాన్ని తప్పనిసరి చేశారు. 1968లో తిరిగి ఐచ్ఛికం చేశారు. సాయంత్రం పూట, గుండు పేలకుండా చేసిన పాత తుపాకులు భుజాన వేసుకొని మైదానం చుట్టూ తిరిగేవాళ్ళం. ఆజ్ఞలన్నీ హిందీలో ఉండేవి. మాలో సగంమందికి హిందీ రాదు. పక్కవాడి కాలు చూసి కాలు కదిపేవాళ్ళం. కవాతు అయ్యాక పెట్టే పూరీలకోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. యీ శిక్షణ ఎందుకు, రేపు నిజమైన తుపాకి చేతికిస్తే దాన్ని ఎవరిమీద గురిపెట్టమంటారు అన్న ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ ఎవర్నీ అడగలేదు.

ఆ రోజుల్లోనే మాస్కో నుంచి వచ్చే పుస్తకాలు చవగ్గా దొరికేవి. రెండవ ప్రపంచ యుద్ధాన్ని గూర్చిన నవలలూ చరిత్రలూ తెచ్చుకొని రాత్రింబవళ్ళు చదివాం. వాటి నిండా మాస్కో, లెనిన్‌గ్రాడ్, స్టాలిన్‌గ్రాడ్. యుద్ధరంగానికి వెనుక ఉన్న కోట్లాది ప్రజల విషయం వచ్చేసరికి మట్టుకు రచయితలు వొక్క పేరాతో సరిపెట్టేవారు: యావత్తు ప్రజానీకం సైన్యం వెనుక నిలబడింది అని. అది అబద్ధమని నేననను. కాని ఆ పేరా లోపల ఏముందో చూడకుండా మనం చాలాకాలం గడిపాం. కొన్నేళ్ళ కిందట వొక విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు: "మాస్టారూ, ప్రజలకు తుపాకి నేర్పటానికీ ప్రజలను సాయుధం చేయటానికీ తేడా లేదా?" ఆనాడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. యీ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

జవాబు వెతకటానికి నేను కావాలనే యుద్ధరంగానికి బహుదూరమైన ప్రాంతాన్ని ఎంచుకున్నాను. అది తూర్పు సైబీరియాలోని యాకూతియా. శత్రువు కంటికి కనిపించేచోట జనం తుపాకి పట్టడంలో ఆశ్చర్యం లేదు. శత్రువు అయిదు వేల కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు, పశువులు కాసుకునేవాణ్ణీ చేపలు పట్టుకునేవాణ్ణీ సైనికుడిగా తయారుచేయటంలోనే యీ శిక్షణ అసలు స్వభావం బయటపడుతుంది.

ముందు రెండు ఆజ్ఞాపత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1918 ఏప్రిల్ 22 నాటిది. విప్లవం జరిగి ఆరు నెలలయినా నిండలేదు. జారు సైన్యం చెదిరిపోయింది. కొత్త ప్రభుత్వం సార్వత్రిక సైనిక శిక్షణను ప్రకటించింది. 18 నుంచి 40 యేళ్ళ మధ్య వయసున్న కార్మికులూ, పరుల శ్రమను దోచుకోని రైతులూ 8 వారాలలో 96 గంటలు, అంటే వారానికి 12 గంటల చొప్పున, పని మానకుండానే సైనిక విద్య నేర్చుకోవాలి. స్త్రీలు ఇష్టమైతే చేరవచ్చు. ఇక్కడ గమనించవలసింది గంటల లెక్క కాదు. ఎవరికి నేర్పాలి అన్న నిర్ణయం. దోపిడీదారులకు ఆయుధం ఇవ్వరు. ఆయుధం వర్గానిది. దీని వెనుక సోషలిస్టు ఉద్యమంలోని పాత ఆలోచన వొకటి ఉంది. ప్రజలకు పైన, ప్రజలకు దూరంగా ఉండే స్థిరసైన్యం పోయి, ప్రజలే సైన్యం కావాలని ఆ ఉద్యమం చాలాకాలంగా కోరుతూ వచ్చింది. యూరపు దేశాలు సైనిక సేవాకాలాన్ని క్రమంగా తగ్గించుకుంటూ ప్రజాసైన్య పద్ధతికి మారవచ్చునని ఎంగెల్స్ 1893లో వాదించాడు. ఫ్రాన్సులో జారెస్ 1911 నాటికి యీ విషయంమీదే వొక పెద్ద గ్రంథం రాశాడు.

రెండవ ఆజ్ఞ 1941 సెప్టెంబరు 17 నాటిది. అప్పటికి హిట్లరు సైన్యాలు సోవియట్ గడ్డమీద అడుగుపెట్టి మూడు నెలలు కావస్తున్నది. లెనిన్‌గ్రాడ్ చుట్టూ ముట్టడి బిగిసి పదిరోజులయింది. మరి రెండు రోజులకు కీవ్ నగరం పడిపోయింది. అక్కడి చుట్టివేతలో లక్షల సైన్యం చిక్కింది. ఆ ఘడియలో రాజ్య రక్షణ కమిటీ, స్టాలిన్ సంతకంతో, 16 నుంచి 50 యేళ్ళ లోపు పురుషులందరికీ అక్టోబరు 1 నుంచి సైనిక శిక్షణ తప్పనిసరి చేసింది. శిక్షణ 110 గంటలు. పని మానటానికి వీల్లేదు. కవాతు, తుపాకి, మరతుపాకి, మోర్టారు, చేతిబాంబు, విషవాయువుల నుంచి రక్షణ, కందకం తవ్వటం, కనపడకుండా దాగటం, వొంటరిగానూ జట్టుగానూ పోరాడే పద్ధతి — ఇవీ పాఠ్యాంశాలు. 1923, 1924లలో పుట్టిన కుర్రవాళ్ళకూ, అంతకుముందు శిక్షణ పొందని 45 యేళ్ళలోపు రిజర్వు వాళ్ళకూ మొదటి వంతు. నేర్పేవాళ్ళు రిజర్వులో ఉన్న అధికారులూ, వయసు మీరిన పాత సిపాయిలూ.

యీ రెండింటి మధ్య గడిచిన 23 యేళ్ళలో చాలా మారింది. అంతర్యుద్ధం అయ్యాక 1923 నుంచి కొంతకాలం స్థిరసైన్యంతోపాటు ప్రాంతీయ ప్రజాసైన్య పద్ధతి కూడా నడిచింది. 1930ల చివరికి అది పోయింది. 1939 సెప్టెంబరు 1 నాటి చట్టం సైనికసేవకు వర్గ నియమాన్ని తీసేసింది. అందువల్ల 1941 ఆజ్ఞ పాత పేరునే పెట్టుకున్నా, అందులో వర్గం ప్రసక్తి లేదు. 'పౌరులు' ఉన్నారు. 1918లో శిక్షణ పొందినవాడు సాయుధుడైన కార్మికుడు. 1941లో శిక్షణ పొందినవాడు సైన్యంలోకి వెళ్ళబోయేవాడు, అంటే రిజర్వు. మొదటి ఆజ్ఞ వొక సిద్ధాంతం నుంచి పుట్టింది. రెండవది చావుబతుకుల అవసరం నుంచి పుట్టింది. అవసరం నుంచి పుట్టినది తక్కువదని నా అభిప్రాయం కాదు. రెంటినీ వొకటిగా చెప్పుకోవటం తప్పంటున్నాను.

ఇక యాకూతియా సంగతి.

మన దేశ వైశాల్యం సుమారు 33 లక్షల చదరపు కిలోమీటర్లు. యాకూతియా వైశాల్యం 30 లక్షల పైచిలుకు. అంత భూమిమీద యుద్ధానికి ముందు ఉన్న జనం సుమారు 4 లక్షలు మాత్రమే. మన తాలూకా వొక్కదానిలో ఉండే జనాన్ని దేశమంతటా వెదజల్లినట్టు ఊహించుకోవాలి. రైలు లేదు. లేనా నది దారి. మంచుకరిగిన కొద్ది నెలలు పడవలు, మిగిలిన కాలం గడ్డకట్టిన నదిమీద గుర్రపు బళ్ళు. జనవరిలో యాకూత్స్క్ నగరపు సగటు చలి సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. తమను తాము సఖా అని పిలుచుకునే యాకూత్ ప్రజలు అడవి మధ్య గడ్డి మైదానాల చుట్టూ ఆవులనూ గుర్రాలనూ మేపుకుంటూ చిన్న చిన్న గుంపులుగా బతికేవారు. ఉత్తరాన ఎవెంకులూ, ఎవెన్లూ, యుకగీర్లూ దుప్పులనూ వేటనూ నమ్ముకున్నారు.

జారు ప్రభుత్వం యీ ప్రజలనుంచి ఉన్నితోళ్ళు పన్నుగా పిండింది గాని, సైనికులుగా పనికివస్తారని అనుకోలేదు. సైబీరియా ఆదివాసులకు సైనిక సేవ ఉండేది కాదు. అది దయ కాదు. వాళ్ళ చేతికి తుపాకీ ఇచ్చేటంత నమ్మకం లేకపోవటం. ప్రభుత్వానికి ఆ ప్రాంతం కైదీలను పారేసే చోటుగానే ఉపయోగపడింది. చెర్నిషేవ్‌స్కీని 1872 నుంచి 1883 దాకా విల్యూయిస్క్‌లో ఉంచారు. కొరొలెంకో ఆమ్గాలో ప్రవాసం గడిపాడు. ఒర్జొనికీజె, పెట్రోవ్‌స్కీ, యారొస్లావ్‌స్కీ వంటి బోల్షివిక్కులు 1917లో విప్లవ వార్త విన్నది యాకూత్స్క్‌లోనే.

విప్లవం యీ ప్రజలకు లిపి ఇచ్చింది, బడులిచ్చింది, స్వంత గణతంత్రాన్నిచ్చింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు తెల్లదొరల కళ్ళతో చూస్తున్నవాళ్ళు. కాని మిగతా సగం కూడా చెప్పాలి. ఆధునిక యాకూత్ సాహిత్యానికి పునాదులు వేసినవాడూ, ఆ గణతంత్ర నిర్మాతలలో వొకడూ అయిన ప్లతోన్ ఒయూన్‌స్కీని 1938లో అరెస్టు చేశారు. 1939 అక్టోబరులో ఆయన జైలులో చనిపోయాడు. 1955లో నిర్దోషి అని ప్రకటించారు. అంటే యుద్ధం వచ్చేనాటికి యాకూత్ ప్రజలకు తమ భాషలో నచ్చజెప్పగలిగినవాళ్ళలో మొదటివాణ్ణి రాజ్యమే చంపివేసింది. అభ్యుదయ రచయితలం అని చెప్పుకునే మనం యీ వాక్యాన్ని మింగకూడదు.

1941 అక్టోబరులో శిక్షణ యిలాంటి చోట మొదలయింది.

110 గంటలంటే ఎంత? వారానికి ఆరు గంటల చొప్పున చూసుకుంటే నాలుగు నెలలకు పైబడి పడుతుంది. ఫ్యాక్టరీ ఉన్న పట్నంలో యిది కష్టమే గాని అసాధ్యం కాదు. పని దిగగానే గేటు దగ్గరే జట్టు కడతారు. పదిళ్ళ గూడేలు మైళ్ళ దూరంలో విసిరేసినట్టున్న చోట జట్టు కట్టాలంటే ముందు జనం వొకచోటికి రావాలి. రావటానికి గుర్రం కావాలి. గుర్రాన్ని సైన్యం కోసమో రవాణా కోసమో తీసుకుపోతున్నారు. అక్టోబరు నుంచి మొదలయిన శిక్షణకు ఎదుట ఉన్నది యాకూత్ చలికాలం. నిలబడి తుపాకి బోల్టు వట్టిచేతితో తాకితే చర్మం ఊడివచ్చే చలి అది. ఇనుముకంటే మనిషే ముందు మొరాయిస్తాడు.

ఆయుధాల సంగతి దేశమంతటా వొక్కటే. 1941లో ఉన్న తుపాకులన్నీ యుద్ధరంగానికి కావలసి వచ్చాయి. శిక్షణ కేంద్రాలకు మిగిలినవి కొద్దిపాటి పాత తుపాకులు. వాటితో వంతులవారీగా నేర్పేవారు. మిగతా వాళ్ళు కర్రతో చెక్కిన తుపాకులతో కవాతు చేసేవారు. బాయినెట్ పోరు కర్రతో నేర్చుకోవచ్చు. గురి మాత్రం కర్రతో రాదు.

అయితే యాకూతియాలో యీ విషయంలో వొక విచిత్రం ఉంది. గురి అక్కడి మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తూటా ఖరీదైన చోట పెరిగిన వేటగాడికి గుండు వృథా చేయడమంటే పస్తుండటమే. ఉడుత బొచ్చు పాడుకాకుండా కొట్టడం చిన్నప్పుడే వస్తుంది. మంచులో కదలకుండా గంటలతరబడి పొంచి ఉండటం, గాలివాటు చూసుకోవటం, జాడ చదవటం — సైనిక పాఠ్యాంశంలో సగం అతని జీవనోపాధిలోనే ఉంది. అతనికి కొత్తగా నేర్పవలసిందల్లా జట్టుగా కదలటం, ఆజ్ఞ వినటం. ఆ ఆజ్ఞ రష్యన్ భాషలో ఉంది.

యీ భాషా సమస్య చిన్నది కాదు. రష్యన్ రాని సైనికులు ఆజ్ఞలు అర్థం కాక, తమ బాధ చెప్పుకోలేక, యుద్ధం ఎందుకో తెలియక నశించిపోతున్నారని పై అధికారులకు తెలిసివచ్చేసరికి యేడాది పట్టింది. 1942 సెప్టెంబరులో సైన్యపు రాజకీయ విభాగం రష్యనేతర జాతుల సైనికులమధ్య వాళ్ళ భాషల్లోనే పని చేయాలని ఆదేశించింది. వాళ్ళ భాషల్లో పత్రికలు వచ్చాయి, ప్రచారకులు వచ్చారు. మంచి నిర్ణయమే. కాని సైన్యంలో చేరాక చేయవలసి వచ్చిన యీ పని, రిజర్వు శిక్షణ పొందుతున్నప్పుడే వాళ్ళ సొంత ఊళ్ళో జరగవలసింది. తుపాకి పట్టే మనిషికి తాను ఎవరితో, ఎందుకు పోరాడుతున్నాడో తన భాషలో అర్థమైతే తప్ప అతను ప్రజాసైనికుడు కాలేడు. నేను మైదానంలో పక్కవాడి కాలు చూసి కాలు కదిపిన రోజులు గుర్తొచ్చినప్పుడల్లా నాకిది తడుతుంది. 1968 జనవరిలో తమిళనాడు శాసనసభ ఎన్.సి.సి.లో హిందీ ఆజ్ఞలను వ్యతిరేకించినప్పుడు మనలో కొందరు అది సంకుచితత్వమన్నారు. అంత తేలికగా కొట్టేయవలసింది కాదు.

ఇంతవరకు శిక్షణను శిక్షణగా చూశాం. దాని పక్కనే ఉన్న మరో లెక్క చూడకపోతే చరిత్ర సగమే అవుతుంది.

'పని మానకుండా' అన్న మాట ఆజ్ఞలో వొక చిన్న ముక్క. కాని మొత్తం భారం దానిమీదే ఉంది. 1941 జూన్ 26 నుంచే ఫ్యాక్టరీలలో రోజుకు మూడు గంటల దాకా అదనపు పని తప్పనిసరి అయింది. 1942 ఏప్రిల్‌లో సామూహిక క్షేత్రాల్లో వొక్కొక్కరూ యేటా పూర్తిచేయవలసిన కనీస పనిదినాలను ప్రాంతాన్నిబట్టి 100 నుంచి 150కి పెంచారు. 12 యేళ్ళు దాటిన పిల్లలకు కూడా 50 పనిదినాలు విధించారు. బలమైన మగవాళ్ళు వంతులవారీగా సైన్యానికి వెళ్ళిపోతుంటే, మిగిలినవాళ్ళు వాళ్ళ పనీ తమ పనీ చేస్తూ, దానిపైన శిక్షణకూ రావాలి. వొకే మనిషి పేరు మూడు పట్టీల్లో ఉంది: సైనిక కార్యాలయంలో రిజర్వుగా, క్షేత్రంలో కూలిగా, ప్రణాళికలో చేపలో బంగారమో ఇన్ని మణుగులు తేవలసినవాడుగా. అతను తినవలసినవాడు కూడా అన్న నాలుగో పట్టీ ఎవరి బల్లమీదా లేదు.

యాకూతియా ఆ యేళ్ళలో వరుస కరువులతో మాడిపోయింది. గడ్డి లేక పశువులు చచ్చాయి. పశువులు చస్తే యాకూత్ రైతుకు పాలూ మాంసమూ రెండూ లేనట్టే. ఇదిలా ఉండగా 1942 జనవరిలో సైబీరియా, దూరప్రాచ్య నదులలో చేపల ఉత్పత్తి పెంచాలని కేంద్రం తీర్మానించింది. యుద్ధకాలంలో దేశానికి ఆహారం కావాలి, అందులో తప్పులేదు. కాని దాన్ని అమలుపరచిన తీరు చూడండి. 1942 ఆగస్టులో ప్రాంతీయ పార్టీ నాయకత్వం చురాప్చా జిల్లాలోని 41 సామూహిక క్షేత్రాల రైతులను, సుమారు 5 వేలమందిని, లేనా నది దిగువకు, కొబ్యాయ్, జిగాన్స్క్, బులున్ జిల్లాలకు చేపలు పట్టడానికి తరలించాలని నిర్ణయించింది. వీళ్ళు పశువులు కాసుకునేవాళ్ళు. చేపల వేట ఎరగరు. పడవలు లేవు, చాలినన్ని వలలు లేవు, ఇళ్ళు లేవు. చలికాలం నెత్తిమీదికి వచ్చాక గమ్యం చేరారు. వారిలో పెద్ద భాగం ఆకలికీ చలికీ రోగాలకూ బలయిపోయింది.

చురాప్చా ప్రజలు శత్రువులు కారు. ఎవరూ వాళ్ళను శత్రువులని కూడా అనలేదు. వాళ్ళ కొడుకులూ తమ్ముళ్ళూ ఎర్రసైన్యంలో ఉన్నారు. యుద్ధానికి మనుషులను ఇచ్చిన ఊళ్ళనే పెకలించి పంపారు. నాజీ ఫాసిజం వల్ల యీ చావులు వచ్చాయని కొందరు సరిపెడతారు. యుద్ధాన్ని తెచ్చింది ఫాసిజమే, సందేహం లేదు. కాని వలలు లేకుండా చేపలు పట్టడానికి పంపింది ఫాసిజం కాదు. ప్రజలను అడగకుండా ప్రజల పేరుమీద నిర్ణయాలు చేసే అలవాటు పంపింది.

ఆ సంవత్సరమే మరో పని కూడా జరిగింది. అమెరికా నుంచి విమానాలు అలాస్కా మీదుగా, యాకూత్స్క్ మీదుగా క్రస్నయార్స్క్ చేరే మార్గం 1942 శరదృతువులో నడవటం మొదలుపెట్టింది. యుద్ధం ముగిసేలోగా సుమారు 8 వేల విమానాలు ఆ దారిన వచ్చాయి. ఆ మంచుగడ్డలమీద విమానాశ్రయాలు కట్టినవాళ్ళలో స్థానిక కూలీలూ ఉన్నారు, ఖైదీలూ ఉన్నారు. వెనుక ప్రాంతం అంటే యుద్ధం లేని ప్రాంతం అన్న భ్రమ ఎవరికైనా ఉంటే యీ లెక్కలతో పోవాలి.

ఇక శిక్షణ ఫలితం. సుమారు 4 లక్షల జనంలోంచి 62 వేలమంది యుద్ధానికి వెళ్ళారు. అంటే పసిపిల్లలతో ముసలివాళ్ళతో కలిపి లెక్కవేసినా ఆరేడుగురిలో వొకరు. దేశం మొత్తంమీద 98 లక్షల పైచిలుకు ప్రజలు యీ పద్ధతిన శిక్షణ పొందారు. వారిలో 13 లక్షలకు పైగా యువజనులు ప్రత్యేక జట్లలో స్నైపర్లుగా, మరతుపాకి సిపాయిలుగా, టాంకులను ఎదుర్కొనేవాళ్ళుగా తయారయ్యారు. స్త్రీలు రెండు లక్షలకు పైబడి సైనిక విద్యలు నేర్చారు. యీ బలగమే లేకపోతే 1941లో నశించిన సైన్యం స్థానాన్ని పూడ్చటం సాధ్యమయ్యేది కాదు. ఫాసిజం ఓటమికి కారణాలు చెప్పేటప్పుడు టాంకులతోపాటు యీ గంటలను కూడా లెక్కవేయాలి.

ఆ వెళ్ళినవారిలో ఫ్యొదొర్ ఒఖ్లోప్కొవ్ వొకడు. క్రెస్త్-ఖల్జాయ్ అనే ఊళ్ళో 1908లో పుట్టాడు. చిన్నప్పుడే తలిదండ్రులను పోగొట్టుకున్నాడు. వేటాడాడు, బంగారు గనిలో పని చేశాడు. 1941లో సైన్యంలో చేరాడు. ముందు మరతుపాకి, 1942 చివరినుంచి స్నైపరు తుపాకి. అతని ఖాతాలో 429 మంది శత్రుసైనికులు పడ్డారు. పన్నెండుసార్లు గాయపడ్డాడు. 1944లో వీతెబ్‌స్క్ దగ్గర తగిలిన పెద్ద దెబ్బతో అతని యుద్ధం ముగిసింది. అయినా అతనికి సోవియట్ యూనియన్ వీరుడనే బిరుదు 1965 మేలో గాని రాలేదు. మూడేళ్ళకు చనిపోయాడు.

ఒఖ్లోప్కొవ్ కథ చెప్పుకోవటం మనకు సులువు. ఇల్మెన్ సరస్సు కథ అంత సులువు కాదు. మంచుమీద స్కీలతో నడవటం వచ్చిన యాకూత్ యువకులను చాలామందిని స్కీ బ్రిగేడ్లలో చేర్చారు. 1943 ఫిబ్రవరి 23న, ఎర్రసైన్యం వార్షికోత్సవం నాడు, వాళ్ళున్న 19వ స్కీ బ్రిగేడు స్తారయా రూసా వైపు దాడికి గడ్డకట్టిన ఇల్మెన్ సరస్సు దాటవలసి వచ్చింది. బల్లపరుపు మంచు. చాటు లేదు. అవతలి వొడ్డున జర్మన్ మరతుపాకులు. వాళ్ళు వేటలో నేర్చినదంతా, శిక్షణలో దాగటం గూర్చి విన్నదంతా ఆ తెల్లని మంచుమీద వ్యర్థమైపోయింది. వందలాదిమంది అక్కడే కూలిపోయారు. యాకూతియాలో ఆ రోజును యీనాటికీ తలుచుకుంటారు.

యీ రెండు కథలనూ కలిపి చూస్తేనే విషయం తెలుస్తుంది. వొకే ప్రజ, వొకే నైపుణ్యం. వొకచోట ఆ నైపుణ్యాన్ని గుర్తించి వాడుకున్నారు. మరొకచోట మనిషిని సంఖ్యగా వాడుకున్నారు. 110 గంటలు మనిషికి తుపాకి నేర్పగలవు. ఆ మనిషిని ఎలా ఖర్చుపెడతారో ఆ గంటలు నిర్ణయించలేవు.

ఇప్పుడు మనముందు రెండు తప్పుడు వ్యాఖ్యానాలు ఉన్నాయి. మొదటిది, ఇదంతా నిరంకుశత్వం తన ప్రజలను తోలుకుపోయిన తంతు తప్ప మరేమీ కాదంటుంది. యిది చరిత్రకు అన్యాయం. హిట్లరు గెలిచి ఉంటే స్లావులకూ యూదులకూ ఏమయ్యేదో లెక్కలతో సహా మనకు తెలుసు. ఆ గెలుపును అడ్డుకున్నవాళ్ళంతా కొరడాకు భయపడి లేచినవాళ్ళని చెప్పటం వాళ్ళను రెండోసారి చంపటమే. నిర్బంధం ఉంది, నిజమే. కాని నిర్బంధం వొక్కటే అయితే, సైన్యాలు కూలిపోయిన 1941 శరత్తులో ఆ యంత్రాంగం కూడా కూలిపోయేది.

రెండవ వ్యాఖ్యానం మన ఇంట్లోది. ప్రజలు వొక్క మనిషిగా నిలబడ్డారు, అంతే చాలు అంటుంది. చురాప్చాను దాటేస్తుంది, ఒయూన్‌స్కీని దాటేస్తుంది, ఇల్మెన్‌ను త్యాగం అనే మాటతో కప్పేస్తుంది. దీన్ని దాచితే సోషలిజానికి మేలు జరుగుతుందని ఆ తరంవాళ్ళు నిజంగా నమ్మారు. నేనూ నమ్మాను. మేలు జరగలేదు. దాచినదంతా 1980ల చివర వొక్కసారిగా బయటపడ్డప్పుడు, దాచినవాళ్ళు చెప్పిన నిజాలను కూడా జనం నమ్మటం మానేశారు. 1991లో ఆ రాజ్యం పోయేనాటికి, దాన్ని కాపాడుకోవటానికి శిక్షణ పొందిన కోట్ల చేతులు కదలలేదు. యెందుకు కదలలేదన్న ప్రశ్నకు సమాధానం 1991లో మాత్రమే వెతికితే దొరకదు.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు వస్తాను. ప్రజలకు తుపాకి నేర్పటానికీ ప్రజలను సాయుధం చేయటానికీ తేడా ఉంది. నేర్పేవాడు తన భాషలో కారణం చెప్పాలి. నేర్చుకున్నవాళ్ళు తమ ఊరిని గూర్చీ తమ తిండిని గూర్చీ జరిగే నిర్ణయాల్లో నోరు మెదపగలగాలి. ఆజ్ఞ తప్పయినప్పుడు దాన్ని ఇచ్చినవాడు జవాబు చెప్పవలసి రావాలి. యీ మూడూ ఉన్నప్పుడు రిజర్వు ప్రజాసైన్యమవుతుంది. వీటిలో మొదటిది 1942లో ఆలస్యంగానైనా మొదలయింది. మిగతా రెండూ యాకూతియాలో కనిపించలేదు.

దీనికి మన అనుభవం కూడా తోడుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంమీదా కాకినాడమీదా జపాను బాంబులు పడ్డప్పుడు బ్రిటిషు ప్రభుత్వానికి మన ప్రజలను సాయుధం చేయాలన్న ఆలోచనే రాలేదు. వలస పాలకుడు తన బానిస చేతికి తుపాకి ఇవ్వడు. నాలుగేళ్ళకు, 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక, తెలంగాణా పల్లెలు ఎవరి ఆజ్ఞాపత్రం కోసమూ చూడలేదు. కర్రలూ వడిసెలలూ పట్టుకొని రైతులూ రైతుకూలీలూ తమకు తామే దళాలు కట్టారు. ఆజ్ఞలు తెలుగులో ఉన్నాయి. ఎవరితో పోరాడుతున్నారో వాళ్ళకు దేశముఖు గడీ చూపించింది. అక్కడి జనం భూమినీ వెట్టినీ గూర్చి తామే తీర్పు చెప్పుకున్నారు. ఆ పోరాటంలో తప్పులు జరగలేదని కాదు. 1951 అక్టోబరులో విరమించేనాటికి పోరాడినవాళ్ళ మాటకు ఎంత విలువ దక్కిందన్న ప్రశ్న అక్కడా ఉంది. కాని శిక్షణ ఎక్కడ మొదలవుతుందో, పైనుంచా లేక కిందినుంచా, అనే తేడా చూడటానికి మనం యాకూతియా దాకా వెళ్ళనక్కర్లేదు.

అధ్యాపకులైన మిత్రులకు చివరిగా వొక మాట. యుద్ధ చరిత్రను పాఠంగా చెప్పేటప్పుడు మనం ఇప్పటికీ సేనానుల పేర్లూ యుద్ధాల తేదీలూ చెబుతున్నాం. వచ్చే యేడు నుంచైనా విద్యార్థిని మరో విధంగా అడిగి చూడండి. ఆ యేడు గడ్డి ఎవరు కోశారు? సైన్యానికి పోయినవాడి పశువులను ఎవరు చూశారు? కవాతుకు వచ్చినవాడు ఏం తిని వచ్చాడు? తెలంగాణా దళాల వెనుక అన్నం వండి పంపిన స్త్రీలను గూర్చి కూడా యీ ప్రశ్నలే అడగాలి. ఆ తరంవాళ్ళలో బతికున్నవాళ్ళు యిప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళ ఇళ్ళలో వాళ్ళ మాటలు విన్న కొడుకులూ కూతుళ్ళూ ఇంకా ఉన్నారు. కాగితం కలం తీసుకొని వాళ్ళ దగ్గరకు వెళ్ళే పని మరొకరు చేస్తారని ఆగకుండా మనమే మొదలుపెట్టాలి.